పెదతాత డప్పు, కైసరు ఆజ్ఞ

1980 డిసెంబరులో మా పల్లె గుడి ముందు ఆడిన క్రిస్మస్ నాటకంలో నాకు దక్కినది కైసరు బంట్రోతు వేషం. అప్పటికి నాకు పన్నెండేళ్లు. గడ్డం అంటించినా యోసేపుగా నిలబడే ఒడ్డూ పొడుగూ నాకు లేవు. గొల్లలకు పాటలుంటాయి గనుక గొంతు లేనివాడిని ఆ గుంపులో చేర్చుకోరు. చివరకు బడిలో పాఠం గట్టిగా చదువుతాడన్న ఒక్క గుణం చూసి, లూకా సువార్త రెండవ అధ్యాయంలోని మొదటి వచనాన్ని పాత పరీక్ష కాగితం వెనుక రాసి నా చేతికిచ్చారు. "ఆ దినములలో సర్వలోకమునకు ప్రజాసంఖ్య వ్రాయవలెనని కైసరు ఔగుస్తువలన ఆజ్ఞ ఆయెను." నాటకం మొత్తంలో నాకున్నది ఈ ఒక్క వాక్యమే. అయితే తెర లేవగానే వినబడేది అదే. అది లేకపోతే మరియమ్మ నజరేతులోనే ఉండిపోతుంది, బేత్లెహేములో పశువుల తొట్టి ఖాళీగా మిగిలిపోతుంది. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. ఆ రాత్రి కథను లూకా నక్షత్రంతోనో దేవదూతతోనో ఎత్తుకోకుండా, మనుషుల పేర్లు పట్టీలో ఎక్కించమన్న ఒక సర్కారు ఉత్తరువుతో ఎత్తుకున్నాడని చాలా ఏళ్ల తరువాత గాని గమనించలేదు.

నాటకం నేర్పించే బడిపంతులుగారికి ఒక చిక్కు వచ్చింది. ఆజ్ఞ వచ్చిందని జనానికి తెలియాలంటే దండోరా వేయాలి కదా, దండోరా అంటే డప్పు ఉండాలి కదా అన్నారాయన. డప్పు మా పల్లెలో లేక కాదు. మా తాతకు అన్న, నేను పెదతాత అని పిలిచే మనిషి, ఊరికి వెట్టి. శిస్తు కట్టమన్నా, కాలువకు నీళ్లు వదిలారన్నా, కలరా సూదులు వేస్తున్నారన్నా, మునసబుగారి మాట వీధి వీధికీ మోసుకుపోయేది ఆయన డప్పే. కాని గుడి ప్రహరీ లోపలికి డప్పు రావడమన్నది అంతకుముందు మా పల్లెలో జరగలేదు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, కంజర కూడా వచ్చింది. డప్పు మాత్రం జాతరలదీ, చావులదీ, చచ్చిన గొడ్డుదీ అన్న మాట మా సంఘ పెద్దల నోట ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, దాన్ని ఎవరో రాసిపెట్టిన నియమంగా కాక వాక్యంలోనే ఉన్న సంగతిగా మేమంతా నమ్మేవాళ్లం.

పెద్దలు రెండు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నారు. చివరకు మా గుడి పాస్టరు అయ్యగారే దారి చూపించారు. "కైసరువి కైసరునకే చెల్లించమన్నాడు ప్రభువు. ఈ డప్పు కొట్టేది కైసరు కోసమే గాని దేవుని కోసం కాదు గదా, కొట్టనివ్వండి" అన్నారు నవ్వుతూ. అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు. ఆయన మంచి మనసున్న మనిషి, ఆ మాట తమాషాకే అన్నారు. అయితే ఆ తమాషాలో మా తరతరాల చరిత్ర ఇమిడి ఉందని నాకు ఇప్పుడనిపిస్తుంది: దేవుని ఆవరణలో మా వాద్యానికి చోటు దొరికింది సర్కారు గొంతుగా మాత్రమే.

ఆ సాయంత్రం గుడి గేటు పక్కన పెదతాత డప్పు కాచిన తీరు నాకు కళ్లకు కట్టినట్టుంది. రెండు పిడికిళ్ల వరిగడ్డి అంటించి, మంట మీదికి డప్పును వంచి, చేతుల్లో గుండ్రంగా తిప్పుతూ, నడుమ నడుమ చూపుడువేలి గోటితో చర్మం మీద చిన్నగా మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. డిసెంబరు మంచుకు చర్మం వదులైపోతుంది, మొదట్లో తడిగుడ్డ మీద కొట్టినట్టు బద్ధకంగా పలుకుతుంది. వేడి ఎక్కేకొద్దీ ఆ పలుకు బిగుసుకుని, ఒకచోటికి వచ్చాక ఇత్తడి పళ్లెం మీద వేలితో తట్టినట్టు ఖంగుమంటుంది. ఆ ఖంగు రాగానే ఆయన మంట మీద కాలితో మట్టి తోసి లేచి నిలబడ్డాడు. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతి వేళ్ల సందున వెదురు చీలికలాంటి చిటికెన పుల్ల. గుడి ఆవరణలోకి అడుగు పెట్టేటప్పుడు చెప్పులు విప్పి, డప్పును ఒక క్షణం గుండెకు ఆనించుకుని, తరువాత లోపలికి వచ్చాడు.

మేము అనుకున్న క్రమం ప్రకారం ఆయన మూడు దరువులు వేసి ఆగాలి, నేను వాక్యం చదవాలి. దరువులు వేశాడు. పల్లె పల్లెంతా ఊపిరి బిగబట్టింది. నేను కాగితం విప్పేలోగా, నలభై ఏళ్ల అలవాటు ఆ నోటిని ఊరుకోనివ్వలేదు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మునసబుగారి ఉత్తరువు ఏమనగా..." అని గొంతెత్తి, అక్కడికి వచ్చాక ఏమిటో గుర్తొచ్చి ఆగిపోయాడు. జనం విరగబడి నవ్వారు. మరియమ్మ వేషం వేసిన పిల్ల తెర వెనుక నుంచి నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేసింది. నేను ఆ నవ్వుల మధ్య కైసరు ఔగుస్తు పేరు చదివాను గాని, అది ఒక్కరికీ వినబడలేదు. రోమా సామ్రాజ్యం ఆ రాత్రి మా ఊరి మునసబు చావడిలో కలిసిపోయింది.

డప్పును గుడి బయట ఉంచినవాళ్లను ఈనాడు తప్పుపట్టడం తేలిక. నేనూ చాలాకాలం తప్పుపట్టాను, కొంత చదివిన తరువాత తగ్గాను. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో మొదట సువార్తను నమ్మిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసినవాడు, 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత 1876 నుంచి 1878 వరకు వచ్చిన కరువులో, అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు ఉన్నన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అది సడలిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆయన అడిగిన షరతులు మూడేనని మా పెద్దలు చెప్పేవాళ్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి మతాచారాలు. ఊరి వైపు నుంచి చూస్తే ఒక్కొక్కటీ సమ్మె. ఆదివారం పనికి రానన్నవాడు ఆసామికి ఎదురు చెప్పినవాడు. జాతరలో డప్పు కొట్టనన్నవాడు ఊరి కట్టుబాటునే కాదన్నవాడు. ఆ మొదటి తరం డప్పును దించింది సిగ్గుతో కాదు, తెగింపుతో. ఆ తెగింపు రెండు మూడు తరాలు గడిచేసరికి మడిగా మారిపోయింది. దించినది ఎందుకో మరిచిపోయి, దించినదాన్ని అసహ్యించుకోవడం నేర్చుకున్నాం.

పెదతాత మాత్రం బాప్తిస్మపు నీళ్లలోకి దిగలేదు. వెట్టికి ఇచ్చిన రెండెకరాల మాన్యం డప్పుతో ముడిపడి ఉండేది. డప్పు దించితే భూమి పోతుంది, భూమి పోతే ఉమ్మడిగా ఉన్న ఇంట్లో అందరికీ గింజలు పోతాయి. కాబట్టి అన్నదమ్ములిద్దరిలో తమ్ముడు క్రైస్తవుడయ్యాడు, అన్న ఊరికి మిగిలాడు. ఈ లెక్క వాళ్లు ఎన్నడూ బయటికి చెప్పుకోలేదు గాని, ఆయన కొట్టిన డప్పు మీద పండిన గింజలతోనే మా తాత గుడికి కానుక ఇచ్చేవాడన్నది మా నాయనమ్మ ఒక్కతే నోరు విప్పి చెప్పేది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. డప్పును రానివ్వని ఆ గుడిలోనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారివంటివారు కర్ణాటక సంగీతపు పోకడలో రాసిన ఆ కీర్తనలను, ఏ సభలోనూ కూర్చుని కచేరీ వినే యోగం లేని మా నాయనమ్మ, నాట్లు వేస్తూ పాడేది. రాగం పేరు ఆమెకు తెలియదు, ఆమె పాడుతుంటే మాత్రం రాగం చెడలేదు. పై మెట్టు మీది సంగీతం మా నోట్లోకి దిగివచ్చింది, సంతోషమే. మా మెట్టు మీది వాద్యం మాత్రం గేటు దగ్గర ఆగిపోయింది. మాకు పొరుగున ఉన్న వినుకొండలో పుట్టిన జాషువా కవి 'గబ్బిలం'లో, గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి తన మొరను గబ్బిలం చేత శివునికి చెప్పి పంపుతాడు. క్రైస్తవ ఇంట పుట్టిన కవి ఆ మొరను కాశీకి పంపడం కొందరికి గిట్టలేదు. నాకు మాత్రం ఆ కావ్యం చదివినప్పుడల్లా పెదతాత గుర్తుకొచ్చేవాడు. గబ్బిలానికి గుళ్లోకి అడ్డులేదు. డప్పుకు రెండు గుళ్లలోనూ అడ్డే.

నాటకం ఆడిన రెండు నెలలకు, 1981 ఫిబ్రవరిలో, నిజమైన ప్రజాసంఖ్య వచ్చింది. రాసుకోవడానికి వచ్చినది వేరెవరో కాదు, మాకు నాటకం నేర్పిన బడిపంతులుగారే. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, అట్ట మీద కాగితాలు పెట్టుకుని, మతం దగ్గరికి వచ్చేసరికి కలం ఎత్తి మా నాన్న ముఖంలోకి చూశారు. వాళ్లిద్దరూ ప్రతి ఆదివారం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్లు. నాన్న కాసేపు నేల చూసి, "పిల్లలకు ఏది రాస్తే ఇబ్బంది రాదో అది రాయండి పంతులుగారూ" అన్నాడు. కలం దిగింది. పెదతాత ఇంటి దగ్గర మాత్రం కలం ఆగలేదు: హిందువు, మాదిగ, వెట్టి. మా ఇంట్లో ఒక్క మనిషి విషయంలోనే సర్కారు పట్టీకీ నిజానికీ తేడా లేకుండా పోయింది.

ఆ ఇబ్బంది ఏమిటో తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1950లో రాష్ట్రపతి పేర వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తరువులో మూడవ పేరా, హిందువు కానివాడిని షెడ్యూల్డు కులస్థుడిగా లెక్కించరాదని చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. దానితో పల్లెలో ఉన్న ప్రతి క్రైస్తవ తండ్రికీ ఒక ప్రశ్న ఎదురైంది: నోటితో ఒప్పుకున్నది కాగితం మీద కూడా ఒప్పుకుంటే పిల్లవాడి చదువేమవుతుంది? ఎవరి జవాబు వారు చెప్పుకున్నారు. ధైర్యంగా క్రైస్తవుడినని రాయించి పిల్లల్ని కూలికి పంపిన తండ్రి ఒకరు మా పల్లెలోనే ఉన్నారు. ఆయన ఎదురుపడితే మా నాన్న తల దించుకునేవాడు.

మా ఇంటికి ఆ ప్రశ్న 1985లో వచ్చింది. ఆ ఏడాదే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. బతికినవాళ్లు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా పల్లెలో ఆ నెలంతా మగవాళ్లు రాత్రిళ్లు వంతులవారీగా మేలుకున్నారు. ఆ రోజుల్లోనే నాకు డిగ్రీ సీటుకూ, హాస్టలుకూ కుల ధ్రువపత్రం కావలసి వచ్చింది. విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్.ఐ. గారు, ఫలానా రోజు వస్తారని కబురు అందింది.

మా నడవ గోడకు ఒక యేసు క్రీస్తు క్యాలెండరు ఉండేది. సంవత్సరం అయిపోయినా తేదీల కాగితాలు చించేసి బొమ్మను అలాగే ఉంచారు. గోధుమరంగు జుట్టు భుజాల దాకా జారి, చూపు కొంచెం పైకెత్తి, ఒక పక్కకు తిరిగి ఉన్న ముఖం అది. 1940లో వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు గీసిన బొమ్మ అచ్చయి అచ్చయి మా దాకా వచ్చిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ ఉదయం నాన్న ఏమీ మాట్లాడకుండా స్టూలు ఎక్కి దాన్ని దించాడు. నాయనమ్మ దాన్ని చీర కొంగుతో తుడిచి, చుట్టి, బియ్యం డబ్బాలో నిలబెట్టి, మూత పెట్టింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఆమే అంది: "పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు గదా నాయనా, మనం ఒక్కసారేగా."

ఆర్.ఐ. గారు వచ్చారు. మంచం మీద కూర్చున్నారు. పెదతాతను సాక్షిగా పిలిపించారు. "నా తమ్ముడి మనవడేనండీ, మాదిగోళ్లమేనండీ, నేను వెట్టి చేసినోణ్ణండీ" అని ఆయన చేతులు కట్టుకుని చెప్పాడు. బాప్తిస్మం లేని పెదతాత మాట, బాప్తిస్మం ఉన్న మా అందరి కన్నా ఆ రోజు చెల్లుబాటైంది. అంతా సవ్యంగా జరిగిపోతుండగా ఆర్.ఐ. గారి చూపు నడవ గోడ మీద నిలిచింది. పదిహేనేళ్ల పొయ్యి పొగకు గోడంతా గోధుమవన్నె తిరిగి, మధ్యలో క్యాలెండరు ఉన్నంత మేర నలుచదరంగా తెల్లటి సున్నం మిగిలి, దాని నెత్తిన మేకు.

"ఇక్కడేముండేదయ్యా?"

"అద్దమండీ" అన్నాడు నాన్న.

ఆయన ఆ తెల్లటి చోటు వైపు ఇంకొకసారి చూసి, చిన్నగా నవ్వి, సంతకం పెట్టారు. ఆయన కూడా ఎవరి ఇంట్లోనో ఏదో దించిన గోడను చూస్తూ పెరిగినవాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

అద్దమన్న ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. అబద్ధమని కాదు. ఆ బొమ్మను మేము నిజంగానే అద్దంలా వాడుకున్నామా అన్నది నా బాధ. రోజూ తల దువ్వుకుంటూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, ఆ ముఖం ముందు నిలబడేవాళ్లం. ఆ ముఖంలో మా ఇంటి ముక్కు లేదు, మా ఇంటి రంగు లేదు. ఎండలో నాగలి పట్టినవాడి మెడ లేదు. మనిషి కుమారుడు మా మధ్య నివసించాడని రోజూ చదివేవాళ్లం గాని, ఆయన మా చాయలో ఉండవచ్చునన్న ఊహ మాకు రాలేదు. తరువాత ఎప్పుడో విజయవాడలో పులిదిండి సాల్మన్ రాజుగారి బాటిక్‌లూ, చెక్క మీద చెక్కి అచ్చుతీసిన చిత్రాలూ చూశాను. ఆయన లూథరన్ పాదిరి, చిత్రకారుడు, నిండుగా బతికి 2019లో గతించారు. నల్లటి గీతల్లో, మన ఇళ్ల దగ్గరి మనుషుల ఒళ్లతో, పరదేశంలో మూట నెత్తిన పెట్టుకుని నడిచే కుటుంబంలా యోసేపు మరియలు కనబడేసరికి, మా నడవలోని తెల్లటి చదరం కళ్ల ముందుకొచ్చింది. అక్కడ ఉండవలసిన బొమ్మ ఇది అనిపించింది. ఇది ఉండి ఉంటే దించవలసిన అవసరం రాకపోయేదని మాత్రం అనను. అంత అమాయకుణ్ణి కాను.

ఆ 1985లోనే, సెప్టెంబరు నెలాఖరున, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. ఆయన మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి. షెడ్యూల్డు కులాల చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు తనకు క్రైస్తవుడన్న కారణంగా ఇవ్వలేదని కోర్టుకు వెళ్లాడు. మతం మారిన తరువాత కూడా కులం వల్ల కలిగే ఇబ్బందులు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించడానికి ఆధారాలు చాలలేదని కోర్టు అన్నది. కారంచేడు తరువాత పదకొండు వారాలకు వచ్చిన మాట అది. పొలాల్లో తరిమినవాళ్లెవరూ నీ ధ్రువపత్రంలో ఏ మతముందని అడగలేదని చీరాల శిబిరంలో ఎవరిని అడిగినా చెప్పి ఉండేవారు.

నా బాప్తిస్మం వాయిదా పడుతూ వచ్చింది. "ఉద్యోగం వచ్చాక దిగుదువు గానిలే నీళ్లలోకి" అనేవాడు నాన్న. అపొస్తలుల కార్యములలో ఐతియోపీయుడు దారి పక్కన నీళ్లు చూసి, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమని అడుగుతాడు. ఆ వాక్యం గుడిలో చదివినప్పుడల్లా మా బల్ల మీద కూర్చున్న నలుగురైదుగురు కుర్రాళ్లం ఒకరినొకరు చూసుకునేవాళ్లం. ఆటంకమేమిటో మాకు తెలుసు, మండల కార్యాలయపు గుండ్రటి ముద్ర. ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చిన ఏడాదికి గుండ్లకమ్మలో నేనూ దిగాను. నీళ్లు మోకాలి దాకా కూడా లేకపోతే, అయ్యగారు గుంట వెతికి ముంచారు. ఉద్యోగం మాత్రం ఆ పాత కాగితం మీదిదే. దాన్ని సమర్థించుకోవడానికి ఏ వాక్యమూ వెతకను. వెతికితే దొరకక కాదు, దొరుకుతుందన్న భయంతో.

ఏళ్లు గడిచేకొద్దీ నాకు స్పష్టమైనది ఇది. గుడిలో కాలు పెడితే కులం దాచుకోవాలి, ఎందుకంటే క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు. ప్రసంగీకులు అక్కడ మాల అని మాదిగ అని లేదు అని కూడా కలిపి చెప్పేవారు, పెళ్లి సంబంధాల దగ్గర ఆ కలిపిన మాటను వాళ్లే తీసేసేవారు. సర్కారు గడప తొక్కితే విశ్వాసం దాచుకోవాలి. అక్కడ డప్పు దాచమన్నారు, ఇక్కడ క్యాలెండరు దాచమన్నారు. ఒక్క ఒంటిలోనే ఉన్న రెంటినీ ఒకేచోట బయటపెట్టి నిలబడే స్థలం మాకు ఎక్కడా చూపించలేదు. పైగా ఎక్కడికి వెళ్లినా, దాస్తున్నారన్న నింద మా మీదే.

పెదతాత 1993 వర్షాకాలంలో చనిపోయాడు. సంఘంలో సభ్యుడు కాడు గనుక గుడి స్మశానంలో చోటు ఇవ్వాలా వద్దా అన్న చర్చ శవం ఇంట్లో ఉండగానే జరిగింది. ఇవ్వకూడదన్న మాటే నెగ్గింది. కాలువ గట్టున పూడ్చాం. ఆ రోజు ఇంకొక సంగతి బయటపడింది. ఊళ్లో ఎవరు పోయినా డప్పు కొట్టిన మనిషికి డప్పు కొట్టడానికి మా వంశంలో ఒక్కరికీ చేతకాదు. చదువుకున్న మనవళ్లం ఆరుగురం తెల్ల చొక్కాలతో నిలబడి ఉన్నాం. పొరుగూరి నుంచి ఒక కుర్రవాడు వచ్చి కొట్టాడు, నూరు రూపాయలు తీసుకున్నాడు. తిరిగి వచ్చాక నాన్న ఆయన డప్పును తెచ్చి, నడవలో ఆ మేకుకే తగిలించాడు. క్యాలెండరు పక్క గోడకు జరిగింది.

ఆ మరుసటి ఏడు, 1994 జూలై 7న, మా జిల్లాలోనే, ఈదుముడిలో, మంద కృష్ణ మాదిగ మొదలైనవారు మాదిగ రిజర్వేషన్ పోరాట సమితిని స్థాపించారు. జనం దాన్ని ఆ పేరుతో పిలవలేదు, దండోరా అన్నారు. మునసబు మాట మోసిన డప్పు మొదటిసారి తన మాట తాను చెప్పుకోసాగింది. దాచుకున్న కులాన్ని పేరు చివర పెట్టుకుని కుర్రాళ్లు ఒంగోలు వీధుల్లో నడిచారు, వాళ్లలో సగం మంది ఆదివారం మా బల్లల మీద కూర్చునేవాళ్లే. వాళ్లు అడిగినది వర్గీకరణ, అంటే షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లను ఆ కులాల మధ్య విడివిడిగా పంచడం. అది 2004లో సుప్రీంకోర్టులో కొట్టుకుపోయి, మళ్లీ 2024 ఆగస్టు 1న అదే కోర్టులో నిలబడింది. ఆ ముప్పై ఏళ్లలోనూ క్రైస్తవుల కాగితం ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది. రెండు వార్తలూ నేను మా నడవలో, ఆ డప్పు కిందే కూర్చుని చదివాను.

ఈ మధ్య, తీరిక దొరికి, బైబిలు పదాల అర్థాలు వెతకడం మొదలుపెట్టాను. ఎర్ర సముద్రం దాటిన తరువాత మిర్యాము తంబురను చేత పట్టుకున్నదని, స్త్రీలందరు తంబురలతో ఆమె వెంట వెళ్లారని నిర్గమకాండంలో ఉంది. తంబురతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడని నూట యాభయ్యవ కీర్తన చెబుతుంది. తంబుర అనగానే మన కళ్లకు కట్టేది సంక్రాంతి నాడు హరిదాసు భుజాన ఉండే తీగల వాద్యం. దాన్ని పట్టుకుని ఆడవాళ్లు గుంపుగా ఎలా నాట్యమాడారా అని చిన్నప్పుడు నాకు సందేహం వచ్చేది గాని అడగలేదు. హెబ్రీలో ఆ మాట తోఫ్. అది తీగల వాద్యం కాదు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో పట్టుకుని వాయించేది. ఆ రాత్రి పుస్తకం మూసి, లేచి వెళ్లి, మేకు మీద ఉన్న డప్పును దించి చట్రం చుట్టూ తడిమి చూశాను. బానిసత్వం నుంచి బయటపడిన జనం సముద్రపు ఒడ్డున మొట్టమొదట చేతికి తీసుకున్నది దీనికి అక్కచెల్లెలు. అనువాదకులు కావాలని దాచారని నేననను. టింబ్రెల్ అన్న ఇంగ్లీషు మాటకు చెవికి దగ్గరగా ఉన్నది ఎంచుకుని ఉంటారు, లేదా గౌరవంగా వినబడేది ఎంచుకుని ఉంటారు. ఆ ఒక్క మాట తెలుగులో ఇంకోలా పడి ఉంటే, పెద్దలు రెండు రాత్రులు కూర్చునే పని ఉండేది కాదు, కైసరు సాకు అక్కరలేకపోయేది, పెదతాత గేటు దగ్గర చెప్పులు విప్పి నిలబడకుండా నేరుగా బల్ల మీద వచ్చి కూర్చునేవాడు.

ఇప్పుడు మా గుడిలో డప్పు వస్తోంది. ఎవరూ తీర్మానం చేయలేదు. కుర్రాళ్లు క్రిస్మస్ ఊరేగింపులో వీధిలో కొడుతూ కొడుతూ గేటు దగ్గర ఆగకుండా లోపలికి వచ్చేశారు, అంతే. కొత్త అయ్యగారికి తాళం తప్పకుండా చప్పట్లు కొట్టడం కూడా వచ్చు. ఫైబరు డప్పులున్నాయి గనుక మంట అక్కరలేదు, స్పానరుతో బిగిస్తున్నారు. నాటకానికి మాత్రం పెదతాత డప్పే కావాలని మా ఇంటికి వస్తారు. తోలు రెండుసార్లు మార్పించాను, చట్రం ఆయనదే. మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి, ఈసారి కులం కూడా రాస్తారట. వేపచెట్టు కిందికి వచ్చే మనిషి చేతిలో కలం బదులు ఫోను ఉంటుంది. ఏమి చెప్పాలో నా కొడుకు ఇప్పటినుంచే నన్ను అడుగుతున్నాడు.

మొన్నటి క్రిస్మస్‌కు గేటు పక్కన వరిగడ్డి అంటించి డప్పు కాచింది నేనే. గోటితో మీటితే ఖంగు రావడానికి చాలాసేపు పట్టింది. బంట్రోతు వేషం వేసిన పిల్లవాడు ఆరో తరగతి చదువుతున్నాడు, మునసబు పదవులు రద్దయిన 1984 నాటికి వాడి తండ్రి కూడా పుట్టలేదు. మూడు దరువులు పడ్డాయి. వాడు కాగితం విప్పకుండానే, రొమ్ము విరుచుకుని, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మునసబుగారి ఉత్తరువు ఏమనగా" అని, నేర్పించినట్టుగానే అక్కడ ఆగాడు. జనం అంతా ఆ చోటు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒక్కసారిగా నవ్వారు.